ఇల్లూ వాకిలీ: అక్కరలేని బెజ్జాలు

క్రిందటి నెల ఈ శీర్షికలో తలుపు గడియల సంగతి ముచ్చటించాము. అది చూచి కొందరు చదువరులు, "తలుపుల మాట సరే, కిటికీల మాట యేమిటి?" అని అడిగారు. వారు అడగకపోయినా ఈ నెల వ్రాయవలసినది అదే. ఎందుచేతనంటే, మా స్నానాలగది కిటికీకి వున్న పదకొండు బెజ్జాలు నిరుటి వానకాలంలో మాకు చెప్పిన పాఠం చిన్నది కాదు.

బెజ్జాలు పొడవడం మాకు కొత్త విద్య కాదు. ఇరవై యేళ్లుగా ఆఫీసులో కాగితాలకు బెజ్జం పొడిచి, ట్యాగు దోపి, ఫైలులో కట్టడమే మా ఉద్యోగం. కాగితానికి పొడిచిన బెజ్జాన్ని మళ్లీ పూడ్చమని ఏ పై అధికారీ అడగడు. ఇంటి కిటికీ సంగతి వేరు. అక్కడ అక్కరతీరిన బెజ్జాన్ని అలాగే వదిలేస్తే, యేదో ఒకనాడు దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. మేము చెప్పుకున్నాము, అదీ మా అమ్మ యెదుట.

మాది బరంపురం. తాతగారి కాలంనుంచీ ఈ ఊరే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు రాజధాని నుంచి ఇటు చేరిన ఊరు గనుక, మా వాళ్లు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. ఆ పాత యింటికి అన్నీ కర్ర కిటికీలే వుండేవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు స్నానాలగది కిటికీ రెక్క ఊడి పెరట్లో పడింది. దాని స్థానంలో, ఇటూ అటూ జరిగే రెక్కలున్న అల్యూమినియం కిటికీ పెట్టించాము. చెద పట్టదు, త్రుప్పు పట్టదు, యేటేటా రంగు వేయనక్కరలేదు అన్నారు. పైగా అల్యూమినియం మా రాష్ట్రానికి ఇంటి సరుకే. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ముడిఖనిజాన్ని శుద్ధిచేస్తే, అంగుల్‌లో లోహం తీస్తారు.

మరి కిటికీకి పదకొండు బెజ్జాలు ఎలా వచ్చాయంటారా? దోమల జాలీ బిగించడానికి నాలుగు. ఆ జాలీ ఆవిరికి బూజుపట్టి యేడాదిలో తీసేశాము. తువ్వాలు వేసుకునే కడ్డీకి నిలువు చట్రంమీద రెండు. అది వంకరగా వచ్చిందని మా ఆవిడ అంటే, సరిచేసి బిగించడానికి మరి రెండు. తెర కడ్డీకి రెండు. పదకొండవది ఎందుకు పడిందో ఇంట్లో యెవరూ ఒప్పుకోలేదు. కడ్డీలు పోయాయి, తెర పోయింది, బెజ్జాలు మిగిలాయి. వేలికొన పట్టని బెజ్జం వల్ల యేమి నష్టం అనుకొని వూరుకున్నాము.

నిరుడు శ్రావణమాసంలో మా అమ్మ ఒకనాడు, "నాయనా, నా గదిలో గోడ చెమ్మగిల్లుతోందిరా. తెలుగు క్యాలెండరు అడుగున వుబ్బిపోయింది, తిథులు కనిపించడం లేదు" అన్నది. ఆవిడ గదికీ స్నానాలగదికీ మధ్య ఒక్కటే గోడ. కిటికీ ఆ గోడ మూలకు ఆనుకొని వుంటుంది. మేము కుర్చీలోంచి లేవకుండానే, "వానకాలం గదమ్మా, అందరి గోడలూ అంతే" అన్నాము. పదిరోజులు పోయాక, "దీపం వేస్తే వేలు జివ్వుమంటోందిరా" అన్నది. వయసు డెబ్బయి దాటింది, నరాల బలహీనత అయివుంటుందని, ఆదివారంనాడు డాక్టరు దగ్గరకు తీసుకువెళతామన్నాము. ఆ ఆదివారం రాలేదు. ఆవిడ మళ్లీ ఆ మాట యెత్తలేదు.

భాద్రపదంలో ఒక సాయంత్రం మా అమ్మాయి వచ్చి, "నాన్నా, మామ్మ చేతికర్రతో లైటు వేస్తోంది చూడు" అని నవ్వింది. మేమూ నవ్వుతూనే వెళ్లాము. స్విచ్చిబోర్డును గోడకు బిగించిన మరమేకు తలమీద వేలు పెట్టి చూచాము. మోచేతిదాకా గుంజింది. ఇక నవ్వు రాలేదు. అలా నెలరోజులుగా మా అమ్మ యెవరితోనూ చెప్పకుండా, తన జాగ్రత్త తానే చేసుకొని, ఆ గోడ పక్కనే పడుకొంటోంది.

అప్పటికప్పుడు మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. అతను బోర్డు విప్పితే వెనక పెట్టెలో నీటిబొట్లు! ఆ బోర్డును విడదీసి, ఎదుటి పొడిగోడకు మార్చాడు. మెయిన్ దగ్గర ముప్ఫయి మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు కూడా పెట్టాడు. కరెంటు దారితప్పి తడిగోడలోకో మనిషి వొంట్లోకో పోతే అది రెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఇంట్లో పెద్దవారూ పిల్లలూ వున్నవారందరూ పెట్టించుకోదగిన వస్తువు. "నా పని అయింది. నీళ్లు ఎక్కడనుంచి వస్తున్నాయో మీరు చూచుకోవాలి" అని అతను వెళ్లిపోయాడు.

మేము మేడమీద చూచాము, పైపులు చూచాము. అన్నీ బాగానే వున్నాయి. చివరికి మా అనుమానం కిటికీ బెజ్జాలమీద పడింది. ఇంత చిన్న పనికి మేస్త్రీ యెందుకని, ఇంట్లో మిగిలిన తెల్లసిమెంటు కలిపి పదకొండింటినీ మేమే పూడ్చాము. దసరా నాటికి యేడు రాలిపోయాయి. తరువాత దుకాణంలో సిలికాన్ గొట్టం కొన్నాము. ఈసారి ఒక్క సందైనా వదలకూడదనే పట్టుదలతో, కనిపించిన ప్రతి కన్నాన్నీ మూశాము. కిటికీ అడుగుపట్టీకి బయటివైపున వున్న రెండు పొడుగాటి సందులను కూడా వదలలేదు. కార్తీకంలో వాయుగుండం పట్టి రెండురోజులు కురిసింది. అడుగుపట్టీలో నీళ్లు తొట్టిలో నిలిచినట్లు నిలిచి, అంచుదాటి లోపలికి పొర్లాయి. గోడ మునుపటికన్నా ఎక్కువ తడిసింది. బోర్డు అప్పటికే మార్చివుండబట్టి గండం గడిచింది.

అప్పుడు వెళ్లి అల్యూమినియం పనిచేసే మిస్త్రీని పిలుచుకు వచ్చాము. ఆయన ఒడియా ఆయన. మేము పూసిన సిలికాన్ చూచి యేమీ అనలేదు. ముందుగా అడుగుపట్టీ సందులు రెండూ గీకి తెరిచాడు. తరువాత మిగతా సిలికాన్ కూడా తీసేసి, గోడ ఆరాక వస్తానని వెళ్లాడు. వారం తరువాత వచ్చి, బెజ్జాలన్నింటికీ కరెంటువాళ్లు వాడే నల్లటేపు అంటించి, చెంబుతో కిటికీమీద నీళ్లు కొట్టాడు. అరగంట కూర్చున్నాము. మూల పొడిగానే వుంది. తువ్వాలు కడ్డీ తాలూకు నాలుగు బెజ్జాలమీది టేపు తీసి మళ్లీ నీళ్లు కొట్టాడు. పావుగంటలో మూలలో చెమ్మ కనిపించింది. దొంగ దొరికాడు.

"పాణి నిజే బాట ఖోజిబ, బాబూ" అన్నాడాయన. నీరు తన బాట తానే వెతుక్కుంటుందని. బాట అనే మాట వారికీ మనకూ ఒకటే గనుక తర్జుమా అక్కరలేకుండానే మా తలకెక్కింది.

ఇందులో వున్న కిటుకు యిది. కిటికీ చట్రం చూడడానికి ఘనంగా వున్నా, లోపల బోలు. రేకు మందం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే. నిలువు చట్రంలో పడ్డ బెజ్జంలోంచి దూరిన నీరు ఆ గొట్టంలోపలే కిందికి జారి మూలకు చేరుతుంది. అక్కడ చట్రాన్ని గోడకు బిగించిన మరమేకు వెంట గోడలోకి ఇంకుతుంది. నీరు దూరినది ఒకచోట, గోడ తడిసేది మరొకచోట. అందుకే మేము మేడమీద వెతికాము. అడుగుపట్టీ సందులు మాత్రం తయారుచేసినవారు కావాలని పెట్టినవి. రెక్కలు జరిగే పట్టీలోకి వాననీరు కొంత రాకమానదు. వచ్చిన నీటిని బయటికి పంపడం వాటి పని. వాటిని మూస్తే ఇంటికి తూము మూసినట్లే.

కనుక చదువరులు మొదట చేయవలసినది పూడ్చడం కాదు, లెక్క వ్రాయడం. కిటికీకి వున్న కన్నాలను మూడు తరగతులుగా విడదీయాలి. అక్కరతీరిన మరమేకుల బెజ్జాలు మొదటి తరగతి, వీటిని మూయాలి. నీరు పోయే సందులు రెండవ తరగతి. వీటిని మూయరాదు సరిగదా, వానకాలానికి ముందు చీపురుపుల్లతో మట్టి తీసి శుభ్రంగా వుంచాలి. చట్రాన్ని గోడకు పట్టివుంచే మరమేకులు మూడవ తరగతి. వీటిని కదిలించరాదు, తలచుట్టూ సన్నగా సిలికాన్ పూస్తే చాలు. ఏది ఏ తరగతిదో తెలియకపోతే మిస్త్రీ చేసినట్లు టేపు అంటించి, చెంబెడు నీళ్లతో పరీక్ష చేయండి. ఆ సమయంలో ఆ గోడమీద కరెంటు బోర్డు వుంటే మెయిన్ కట్టేయడం మరువకండి.

రెండవది, ఆరబెట్టడం. తడిమీద యేది పూసినా నిలవదు. బోలు చట్రం లోపలి నీరు కూడా పోవాలి గనుక, ఎండకాసే రోజులు చూచుకొని రెండుమూడు రోజులు ఆ గదిలో స్నానాలు మానాలి. మాకు మార్గశిరం అనుకూలించింది. బెజ్జం చుట్టూ సబ్బుజిడ్డు, తెల్లటి పొడి వుంటే సన్నని గరుకుకాగితంతో రుద్ది, గుడ్డకు స్పిరిటు అద్ది తుడవాలి. ఆ తెల్లపొడి అల్యూమినియం చివికినందుకు గుర్తు. ఇనుప మరమేకు, అల్యూమినియం, ఉప్పుగాలి తడి మూడూ ఒకచోట చేరితే అల్యూమినియమే ముందు తినబడుతుంది. ఇత్తడి మరమేకైతే మరింత త్వరగా. మావంటి సముద్రతీరం వారూ యానాం వారూ ఇది గుర్తుంచుకోవాలి.

మూడవది, దేనితో మూయాలన్నది. మిస్త్రీ చూపినవి మూడు మార్గాలు.

అన్నింటిలోకీ తేలికైనది బెజ్జంలో మళ్లీ మరమేకే బిగించడం. త్రుప్పుపట్టని స్టీలు మరమేకు, పొట్టిది తీసుకోవాలి. పాతది ఆరో నంబరుదైతే, అనగా మూడున్నర మిల్లీమీటర్లదైతే, ఎనిమిదో నంబరుది, అనగా నాలుగుంపావు మిల్లీమీటర్లకు కాస్త తక్కువది, ఆ బెజ్జంలో బాగా పట్టుకుంటుంది. తలకింద ఒక నైలాన్ వాషరు వేసి, మరలకు సిలికాన్ అద్ది తిప్పాలి. వాషరూ సిలికానూ రెండు లోహాలను దూరంగా వుంచుతాయి, నీటినీ ఆపుతాయి. మరమేకు కొన లోపల రెక్కకుగానీ అద్దానికిగానీ తగలకుండా చూచుకోవాలి. అద్దె యింట్లో వున్నవారికి ఈ మార్గమే మంచిది. కావాలంటే మళ్లీ విప్పవచ్చు.

మరమేకు తలలు కనిపించడం యిష్టంలేనివారికి రెండవది: రెండు ముద్దలుగా వచ్చే ఎపాక్సీ లప్పం. రెండింటినీ సమంగా తీసుకొని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా వేళ్లతో పిసకాలి. బోలు చట్రానికి వెనక ఆధారం వుండదు గనుక, పైన మెత్తితే రాలిపోతుంది. సన్నగా వత్తి బెజ్జంలోకి గట్టిగా తోయాలి. కొంత అవతలికి పోయి గొడుగులా విచ్చుకొని పట్టు యిస్తుంది. పైన మిగిలినదాన్ని తడివేలితో చదును చేసి, ఒక రాత్రి కదపకుండా వుంచాలి. గట్టిపడ్డాక గరుకుకాగితం పట్టి, కిటికీ రంగు వేసుకోవచ్చు.

మూడవది సిలికాన్. ఇది చిన్న బెజ్జాలకు, సందులకు. ఇందులో రెండు రకాలున్నాయి. గొట్టం మూత తీయగానే పుల్లటి వాసన, వెనిగర్ వాసన, వచ్చేది ఆమ్లం విడిచే రకం. అది లోహానికి మంచిది కాదు. గొట్టంమీద న్యూట్రల్ అని వ్రాసివున్నది అడిగి తీసుకోవాలి. మేము మొదట కొన్నది పుల్లవాసనదే! గొట్టం మూతిని బెజ్జంలో వుంచి నొక్కాలి, పైపైన పూయరాదు. పైపొర త్వరగానే కట్టినా, లోపల రోజుకు రెండుమూడు మిల్లీమీటర్ల లోతు చొప్పున గడ్డకడుతుంది. కనుక కనీసం ఒక పూర్తి రోజు తడి తగలనీయరాదు. దీనిమీద రంగు నిలవదని కూడా తెలుసుకోవాలి.

రివెట్లు కొట్టే సాధనం మిస్త్రీ దగ్గర వుంటే అదీ ఒక మార్గమే. కాని మామూలు రివెటుకు నడుమ సన్నని కన్నం మిగులుతుంది. కొన మూసివున్న రకం వాడాలి, లేదా దానిమీద సిలికాన్ చుక్క వేయాలి.

ఇక మా తెల్లసిమెంటు యెందుకు రాలిందంటారా? అల్యూమినియం ఎండకు బాగా సాగే లోహం. నాలుగడుగుల చట్రం, వేడి ముప్ఫయి డిగ్రీలు పెరిగితే, దాదాపు ముప్పాతిక మిల్లీమీటరుకు పైగానే పొడుగవుతుంది. సిమెంటు అందులో సగం కూడా సాగదనుకోవచ్చు. ఒకటి సాగి ఒకటి సాగకపోతే రెండింటికీ పొత్తు కుదరదు. సోలాపురం వంటి యెండ ఊళ్లలో ఈ తగువు మరీ యెక్కువ. పైగా తడి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. సున్నం, ప్లాస్టరాఫ్ పారిస్, సబ్బు, మైనం, కాగితపు ఉండలు — ఇవేవీ కిటికీకి పనికిరావు. ఇందులో సగం మేము ప్రయత్నించి చూచినవే గనుక ధైర్యంగా చెబుతున్నాము.

మా పదకొండింటిలో నాలుగింటికి మరమేకులు, ఆరింటికి లప్పం పెట్టాము. పదకొండవది మాత్రం కింద అంచున, గాజురెక్క మరుగున వుండి లప్పం పట్టలేదు. దానికి సిలికాన్ వేశాము. రెండురోజులు ఆగి చెంబు పరీక్ష చేశాము. మూల పొడిగా వుంది. గోడ పూర్తిగా ఆరడానికి మాఘమాసం దాకా పట్టింది. ఆరకముందే సున్నం కొట్టవద్దని మిస్త్రీ చెప్పివుండబట్టి ఓపిక పట్టాము.

సున్నాలు అయ్యాక అమ్మను పిలిచి, "అమ్మా, ఇప్పుడు స్విచ్చి చేత్తో వేసి చూడు" అన్నాము. ఎదుటి గోడకు మారిన బోర్డు; తడి లేదు; బ్రేకరు వుంది; అన్నీ వివరించాము. ఆవిడ అంతా విని, ముందు కర్రకొనతోనే నొక్కింది. దీపం వెలిగింది. ఆర్పింది. అప్పుడు వేలితో నొక్కింది. మావైపు చూచి, "నేను మొదటిసారి చెప్పినప్పుడే లేచివస్తే, ఇంత చదువు చదవక్కరలేకపోయేది గదరా" అన్నది.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో బయటివాడెవరు అర్జీ యిచ్చినా తేదీ వేసి, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కిస్తాము. ఇంట్లో మా అమ్మ రెండుసార్లు చెప్పిన మాటను ఎక్కడా ఎక్కించకుండానే ఫైలు మూసేశాము. నీరు బెజ్జంలోంచి వచ్చిందనడం నిజమే. నెలరోజులు దాన్ని రానిచ్చింది మాత్రం మేమే.

కనుక చదువరులకు మా మనవి. ఇంట్లో పెద్దవారు గోడ చెమ్మగిల్లిందన్నా, స్విచ్చి జివ్వుమందన్నా, వయసుమీద నెట్టేయకండి. ముందు మెయిన్ కట్టండి, తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఆ తరువాత బెజ్జాలు లెక్కపెట్టండి. పని యీ వరసలోనే జరగాలి. మరొక మాట: కొత్తగా కడ్డీయో జాలీయో బిగించేటప్పుడు చట్రానికి కాక పక్కగోడకు బిగించండి. పడని బెజ్జాన్ని పూడ్చనక్కరలేదు.

ఈ ఉగాదికి కొత్త తెలుగు క్యాలెండరు వచ్చింది. గోడ ఆరిందని యెంత చెప్పినా, మా అమ్మ దాన్ని ఆ మూలకు జానెడు దూరంగానే తగిలించింది. తగిలించడానికి మేకు కొట్టబోతే వద్దని, పాత మేకునే వాడుకుంది.

వచ్చే నెల నీళ్లతొట్టి శుభ్రం చేసే సంగతి ముచ్చటిద్దాము. అంతవరకు సెలవు.